పాత బండి – కొత్త కిస్తీ

2010లో కొన్న మా మోటారు సైకిలు ఈమధ్య నీలం పొగ వదులుతోంది. పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ మండుతోందన్నాడు మెకానిక్ తమ్ముడు. బోరు చేయించి పిస్టన్ మార్చాలంటే ఆరు వేలు. 15 ఏళ్లు నిండాయి గనుక ఆర్‌సీ మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఖర్చు వేరు. కొత్తదైతే నెలనెలా కిస్తీ. అది అమ్మాయి కాలేజీ ఫీజులోంచే పోవాలి.

రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. గోపురం కట్టేవాని ఉపమానం (లూకా 14:28) గుర్తొచ్చింది. తోటి సేవకుల కొత్త బండ్ల పక్కన మాది నిలపాలంటే సిగ్గుగా ఉండేది; కొత్తది కావాలనిపించడానికి అదే అసలు కారణమని ఒకరికొకరం ఒప్పుకున్నాం. ఛాసిస్ ఇంకా గట్టిగానే ఉంది. బాగు చేయించడానికే నిశ్చయించుకున్నాం. ఆ సిగ్గును మాత్రం ప్రభువు పాదాల దగ్గర వదిలేశాం. మా ప్రయాణాల కోసం ప్రార్థించండి.