నీళ్ల పేర్లు

మాది కల్లూరు. పేరుకే వేరే ఊరు, కర్నూలులో ఎప్పుడో కలిసిపోయింది. మా ఇంట్లో నీళ్ల గురించి వాడే మాటలు ఏమేంటా అని ఒకసారి లెక్క పెట్టాను. బోరు, మోటారు, సంపు, ట్యాంకరు, బిందె. ఇంకా, "ఈ పొద్దు కుళాయి వస్తాదా, రాదా?" అంతే. అన్నీ నీళ్లు లేకపోవడం గురించో, ఉన్నవి దాచుకోవడం గురించో. ఇంగ్లీష్ మీడియం స్కూలు కాబట్టి అక్కడ ఇంకో నాలుగు వచ్చాయి: రివర్, లేక్, వాటర్‌ఫాల్, వాటర్ సైకిల్. చివరిదానికి బొమ్మ గీసి బాణం గుర్తులు పెడితే ఐదు మార్కులు.

పారే నీళ్లకు, లాగే నీళ్లకు, ముంచే నీళ్లకు నా దగ్గర మాటలే లేవు. ఆ మాటలు లేకపోతే ఏమవుతుందో పోయిన ఆగస్టులో అహోబిలం అడవిలో అర్థమైంది. అందుకే ఈ వ్యాసం.

వానాకాలం రాగానే మన క్లాస్ గ్రూపుల్లో జలపాతాల రీల్స్ మొదలవుతాయి కదా. తలకోన, మల్లెలతీర్థం, నెమలిగుండం. ఆ వెనకే ఏదో ఒక వార్త కూడా వస్తుంది, స్నానానికి దిగిన విద్యార్థులు మునిగిపోయారని. మనం ఒక ఏడుపు ఎమోజీ పెట్టి కిందికి జరుపుతాం. వాళ్లంతా బుద్ధి లేనివాళ్లని నేను అనుకోను. మనలాంటి ఎండ ఊళ్ల పిల్లలకు నీళ్లు ఎప్పుడూ కావలసినవే. కావలసినదాన్ని చూసి భయపడాలని ఎవరికి తోస్తుంది? మా అవ్వకు మాత్రం తోస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు ఆమె చూసింది. "నీళ్లు లేని ఊరని ధైర్యంగా పండుకున్నాం" అని ఇప్పటికీ అంటుంది. నేనప్పుడు చిన్నపిల్లని, నాకేమీ గుర్తు లేదు.

మేము నలుగురు అమ్మాయిలం అహోబిలం పోతామంటే నాలుగు ఇళ్లలోనూ ఒకటే షరతు: తోడుగా మగపిల్లాడు ఉండాలి. మా రూమ్మేట్ వాళ్ల అన్న వస్తానన్నాడు. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా పొద్దున్నే బయలుదేరాం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వచ్చేదాకా అహోబిలం కూడా మా కర్నూలు జిల్లాలోదే. దిగువ అహోబిలం నుంచి ఎగువకు వెళ్లేసరికి ఎండ, దుమ్ము అన్నీ అయిపోయి నల్లమల మొదలవుతుంది. అక్కడి నుంచి భవనాశి ఒడ్డునే నడక. దారిలో మెట్లు, ఇనుప వంతెనలు, బండరాళ్లు. పైన జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర కొండ అంచు నుంచి నీళ్లు జారిపడుతుంటాయి. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం కూడా అక్కడే.

ఎగువ అహోబిలంలో ఒక గైడును మాట్లాడుకున్నాం. యాభై దాటిన మనిషి. మా షూలన్నీ ఒకసారి చూసి, ఏమీ అనకుండా మనిషికో కర్ర ఇప్పించాడు. అన్న కర్ర తీసుకోలేదు. "నాకెందుకు పెద్దాయనా" అన్నాడు. ఆయన ఆ కర్రను కూడా తానే పట్టుకుని నడిచాడు.

దారిలో మేము బండల మీద ఎగురుతుంటే ఆయన మొదటి మాట నేర్పించాడు. "తడి బండను చూసి భయపడొద్దు పాపా, పచ్చ బండను చూసి భయపడు. అది పాచి." అంతవరకు నాకు పాచి అంటే పొద్దున్నే నోట్లో ఉండేది, వాకిట్లో చిమ్మేది. తర్వాత వంక. నాకు తెలిసిన వంక 'వంక పెట్టడం'లో ఉండేదే. ఇక్కడ వంక అంటే వాన పడితే లేచి, వాన పోతే ఎండిపోయే చిన్న ఏరు. అవి నాలుగైదు భవనాశిలో కలుస్తాయి. దాటేటప్పుడు ఆయన ఒక్కో వంకలో కర్ర గుచ్చి చూసి, ఆ తర్వాతే మమ్మల్ని రమ్మన్నాడు.

జ్వాలా నరసింహ గుడి దగ్గర పడే నీళ్ల కింద నిలబడాలని అందరికీ ఉండింది. "జల్లు పడే తావున నిలబడండి, ధార కింద వద్దు" అన్నాడు. నీళ్లతో పాటు రాళ్లు కూడా వస్తాయట. వంద అడుగుల పై నుంచి పడే గులకరాయి సెకనుకు దాదాపు ఇరవై నాలుగు మీటర్ల వేగంతో తల మీదికి వస్తుంది. ఇంటర్‌లో ఈ లెక్క నేను చాలాసార్లు చేశాను. ఎప్పుడూ ఆ రాయి కింద మనిషి లేడు.

అసలు సంగతి తిరిగి వచ్చేటప్పుడు జరిగింది. దారికి కాస్త కిందుగా భవనాశిలో ఒక చోట నీళ్లు నిలకడగా, అద్దంలా కనిపించాయి. అడుగున రాళ్లు కూడా కనిపిస్తున్నాయి. మోకాలి లోతు ఉంటుందని అందరం అనుకున్నాం. అన్న అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు. అతనికి ఈత రాదు, వాళ్లింట్లో అతనొక్కడే మగపిల్లాడు. గైడు మాట్లాడలేదు. అన్న వద్దన్న కర్రను ఒడ్డు పక్కనే నీళ్లలోకి దించాడు. కర్ర మొత్తం పోయింది, ఆయన చెయ్యి మోచేతి దాకా పోయింది, అడుగు తగల్లేదు.

"ఇది మడుగు అబ్బీ. నీళ్లు తేటగా ఉంటే లోతు తెలీదు" అన్నాడు.

ఒడ్డున బండ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అన్న కొంచెం అలిగాడు. ఇంత దూరం వచ్చి కాళ్లైనా తడుపుకోకపోతే ఎలా అని గొణిగాడు. అంతలో గైడు నీళ్ల వైపే చూస్తూ లేచాడు. ఆకులు, సన్న పుల్లలు కొట్టుకొస్తున్నాయి. నీళ్ల రంగు టీలో పాలు పోసినట్టు మారుతోంది. "లేయండి, దారి మీదికి పదండి. కొత్తనీళ్లు" అన్నాడు.

"మబ్బు కూడా లేదు కదా" అన్నాడు అన్న.

"ఈడ లేదు. మీద కొండన ఉంటాది. వాన ఈడనే పడాలని ఏముంది?"

మేము డబ్బాలు సర్దుకుని పైకి ఎక్కాం. పావుగంట అయ్యుంటుంది. మేము కూర్చున్న బండ కనిపించలేదు. మడుగు ఏదో, ప్రవాహం ఏదో తెలియకుండా అంతా ఒకటే ఎరుపు, ఒకటే హోరు. పక్కన మాట్లాడితే వినపడటం లేదు. అన్న వంగి ఒక చిన్న రాయి తీసి నీళ్లలోకి విసిరాడు. పడిన చప్పుడు కూడా రాలేదు. తర్వాత గైడు చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. కిందిదాకా ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక దీని వెనక ఉన్న ఫిజిక్స్ చదివాను. నీళ్ల వేగం రెండింతలైతే మన కాళ్ల మీద తోపు నాలుగింతలవుతుంది. అందుకే మోకాలి లోతు ప్రవాహం కూడా పెద్ద మనిషిని పడేయగలదు. జలపాతం కింద పడిన నీళ్లు అడుగుకు పోయి మళ్లీ వెనక్కి తిరుగుతాయి, దానిలో చిక్కిన మనిషిని ధార కిందికే లాగుతాయి. పైగా ఆ నురగలో గాలి ఎక్కువ కాబట్టి తేలడం కష్టం, ఈత వచ్చినవాళ్లకు కూడా. ఇదంతా గైడు రెండు ముక్కల్లో చెప్పేశాడు: "గుండంలో సుడి ఉంటాది." నెమలిగుండం అన్న పేరు ఎన్నిసార్లు విన్నానో. నెమలి అర్థమైంది కానీ గుండం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ధార పడి పడి తొలిచిన లోతు అది. ఊరివాళ్లు హెచ్చరిక బోర్డును పేరులోనే పెట్టారు. చదవడం రానిది నాకే.

ఇప్పుడు మా నలుగురికీ కొన్ని పద్ధతులు ఉన్నాయి. కావాలంటే మీరూ తీసుకోండి. అడవి కాబట్టి అటవీశాఖ వద్దన్న చోటికి, వద్దన్న రోజు వెళ్లం. ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నది ఇంట్లో ఒకరికి రాసి పంపుతాం, ఎందుకంటే లోపల సిగ్నల్ ఉండదు. ఊరి మనిషి లేకుండా నడవం. మధ్యాహ్నం దాటితే పైకి కాదు, కిందికే నడక. జీన్స్ వేసుకోం, తడిస్తే బరువు, ఆరదు. నీళ్లకు వీపు పెట్టి సెల్ఫీ దిగం. ఆకులు, పుల్లలు, రంగు, హోరు, వీటిలో ఏది మారినా వస్తువులు వదిలేసైనా గట్టెక్కుతాం. ఇక ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకకూడదు. ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోయిన వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. ఒడ్డున గట్టిగా నిలబడి కర్ర అందించాలి, లేదా చున్నీలు ముడేసి విసరాలి. మా చున్నీలు నాలుగూ కలిపితే ఎంత పొడవు వస్తుందో హాస్టల్ వరండాలో కొలిచి చూశాం. దాదాపు తొమ్మిది మీటర్లు. సన్న షిఫాన్ అయితే ముడి జారిపోతుంది, కాటన్ నిలుస్తుంది.

అమ్మకు ఈ మడుగు సంగతి మొత్తం చెప్పాను. ఇక పంపదేమో అనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మళ్లీ పోయేటప్పుడు ఆ పెద్దాయన్నే పిలుచుకోండి" అంది.

మన కాలేజీలో ఆత్మకూరు, ఆళ్లగడ్డ, గిద్దలూరు వైపు వాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఊళ్లో నీళ్లకు ఏ పేర్లు ఉన్నాయో, ఏ పేరు విన్నప్పుడు మీ పెద్దవాళ్లు చెయ్యి పట్టి వెనక్కి లాగుతారో ఈ పత్రికకు రాసి పంపండి. నా దగ్గర ఇప్పటికి ఆరే ఉన్నాయి: పాచి, వంక, మడుగు, గుండం, సుడి, కొత్తనీళ్లు.