లవంగం దాచి చూడండి

బిర్యానీలో పంటి కింద పడితే ముఖం చిట్లించి పక్కన పెడతామే, ఆ లవంగం! అది మా రాజు చేత ఏం చేయించిందో చూసిన దగ్గర్నుంచి నా నోరు ఆగడం లేదు. గడియార స్తంభం దగ్గర టీ తాగేవాళ్లకు చెప్పాను. నేత కూలి లెక్క చూడటానికి వచ్చిన గుమాస్తాకు చెప్పాను. చివరికి కొరియర్ కుర్రాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పాను. ఇప్పుడు మీ వంతు. కుక్కకు లవంగం వాసన పట్టడం నేర్పితే ఇల్లంతా గాలించి, మీరు దాన్ని ఎక్కడ దాచారో చూపిస్తుంది. రాజు పోలీసు జాగిలం కాదు, వేలు పోసి కొన్న జాతి కుక్కా కాదు. మా చీరాల ఊళ్లో పేరాల వీధిలో పుట్టి మా వసారాలో పెరిగిన అచ్చమైన నాటు కుక్క!

వాడికి తెలివికి లోటు లేదు, తీరికే ఎక్కువ. చెప్పులు కొరికేవాడు. పాలబ్బాయి బండి వీధి మలుపు తిరక్కముందే మొరుగుడు అందుకునేవాడు. గొలుసు కట్టి బయటికి తీసుకెళ్తే ప్రతి కరెంటు స్తంభం దగ్గరికీ నన్ను ఈడ్చుకుపోయేవాడు. "నాలుగు తగిలించు, అదే దారికొస్తది" అని వీధిలో ఉచిత సలహాలకు కొదవ లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, వాడి వాలకం కాసేపు చూసి, "మామయ్యా, వీడికి చేయడానికి పనేం లేదు. ముక్కుకు ఏదన్నా పని చెప్పు" అన్నాడు. ముక్కుకు పనేంటయ్యా అని అడిగానో లేదో, ఫోన్ తీసి నాకో కొత్త లోకం చూపించాడు.

అసలు ఆ ముక్కు సంగతి వింటేనే మతిపోతుంది. వాసన పట్టే కణాలు మనిషికి 50, 60 లక్షలు ఉంటే కుక్కకు 20 కోట్లకు పైమాటే. పీల్చిన గాలి లోపలికి వెళ్లగానే రెండుగా చీలుతుంది. ఒక పాయ ఊపిరికి పోతే రెండో పాయ వాసన పట్టే గదికి పోతుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న సన్నటి చీలికల్లోంచి వెనక్కి జారుతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదరదు. ఇదంతా సెకనుకు ఐదుసార్లు! 2005లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెపర్, డెబొరా వెల్స్ ఒక పరీక్ష పెట్టారు. మనిషి నడిచి వెళ్లిన దారిలో ఐదు అడుగుజాడలు వాసన చూస్తే చాలు, అతను ఎటు నుంచి ఎటు వెళ్లాడో శిక్షణ పొందిన కుక్కలు పట్టేశాయి. ఒక అడుక్కీ తర్వాతి అడుక్కీ మధ్య వాసనలో ఎంత తేడా ఉంటుందో ఊహించండి. మా వాడరేవు సముద్రపు ఇసుకలో రాజు ముక్కు కింద పెట్టి నడుస్తుంటే ఇక గొలుసు లాగబుద్ధి కావడం లేదు నాకు.

వాసనతో వెతకడం మన తెలుగువాళ్లు కళ్లారా చూసిన విద్యే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బురద, నీరు, నుజ్జయిన యంత్రం. లోపల ఎవరు ఎక్కడున్నారో చెప్పే దారి లేక రోజుల తరబడి వెతికారు. అప్పుడు కేరళ పోలీసులు మాయ, మర్ఫీ అనే రెండు బెల్జియన్ మాలినాయ్ కుక్కల్ని తీసుకొచ్చారు. మట్టి కింద ఉన్న శవాల జాడ తీయడం వాటికి నేర్పిన పని. అవి సూచించిన చోట తవ్వారు. మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది. అప్పట్లో ఆ వార్త టీవీలో అందరం చూసిందే. అదే విద్యను ఇంట్లో, సరదాకి, ఏ జాతి కుక్కకైనా నేర్పొచ్చని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అప్పుడే మొదలుపెట్టేవాణ్ణి!

అలా నేర్పవచ్చని అమెరికాలో ముగ్గురికి తోచింది. రాన్ గాంట్, ఎమీ హెరోట్, జిల్ మేరీ ఒబ్రైన్. ముగ్గురికీ కుక్కల శిక్షణలో ఏళ్ల అనుభవం ఉంది. ఈ వెతుకులాటను పెంపుడు కుక్కలకు ఆటగా మార్చి 2006లో కాలిఫోర్నియాలో 'నోస్‌వర్క్' పేరుతో మొదలుపెట్టారు. వాళ్ల పోటీల్లో వెతికించే వాసనలు మూడే: బిర్చ్ చెట్టు నూనె, సోపు కుటుంబానికి చెందిన ఆనిస్, లవంగం. బిర్చ్ మనకు దొరకదు, దాని సంగతి వదిలేద్దాం. లవంగం మాత్రం మన వంటింట్లో కాపురమే ఉంది కదా! ఎక్కడో కాలిఫోర్నియాలో కుక్కలు వెతికే వస్తువు మా అత్త మసాలా డబ్బాలో ఉందన్న సంగతి నన్ను ఇప్పటికీ తబ్బిబ్బు చేస్తోంది.

మొదట్లో లవంగం జోలికే పోకూడదు. నాలుగు అట్టపెట్టెలు నేల మీద పెట్టి ఒక దాంట్లో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క వేయాలి. కూర్చో, ఆగు, వద్దు లాంటి హుకుంలు ఏవీ ఉండవు. కుక్కను వదిలి మనం నోరు మూసుకోవాలి. అది తల దూర్చి ముక్క దొరకబుచ్చుకోగానే ఆ పెట్టెలోనే ఇంకో ముక్క వేసి మెచ్చుకోవాలి. వెతికితే దొరుకుతుందన్న నమ్మకం కుదిరాక వాసన తోడు చేయాలి. చీరాల్లో పుట్టినందుకు ఇక్కడ నాకు కలిసొచ్చింది. విదేశాల్లో దూది చుట్టిన పుల్లలకు నూనె అద్దుతారట. మా పక్కింట్లో మగ్గం ఉంది, అక్కడ తెగిన నూలు పోగులు కావలసినన్ని. గుప్పెడు పోగుల్ని లవంగాలతో కలిపి గాజు సీసాలో పెట్టి రాత్రంతా మూత బిగించాను. పొద్దునకు నూలు ఘుమఘుమ! ఒక పోగును చిల్లుల డబ్బాలో పెట్టి కోడిముక్క పక్కన ఉంచాలి. కొన్నాళ్లకు ముక్క తీసేసి డబ్బా ఒక్కటే దాచాలి. అది కనిపెట్టగానే, సరిగ్గా ఆ డబ్బా దగ్గరే, ముక్క నోటికందించాలి. మన దగ్గరికి పరిగెత్తుకొచ్చాక ఇస్తే కుక్క మన జేబును వెతకడం నేర్చుకుంటుంది.

మిగతా పెట్టెల్లో కూడా లవంగం తగలని ఉత్త నూలు పెట్టాలి. లేకపోతే కుక్క నూలు వాసనకో డబ్బా వాసనకో ఆగిపోయి, మనం మాత్రం లవంగం పట్టిందని మురిసిపోతాం. నూలును చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో తీయాలి. మన వేళ్ల వాసన దానికి పెద్ద ఆనవాలు.

మొదట్లో అత్త వసారాలో కూర్చుని ఇదంతా వింతగా చూసింది.

"ఏందిరా అబ్బాయ్, కుక్కకి బిర్యానీ వండుతున్నావా?"

"కాదత్తా, చదువు చెబుతున్నా."

"నీకు రాలేదు గానీ, దానికొస్తదిలే."

ఇప్పుడు దాచిపెట్టే పని ఆవిడదే. ఎక్కడ పెట్టిందో నాకు చెప్పదు. ఎందుకు చెప్పకూడదో తెలిస్తే మీరూ ముక్కున వేలేసుకుంటారు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు 18 జట్ల శిక్షణ పొందిన కుక్కల్ని, వాటి హ్యాండ్లర్లను ఒక చర్చిలోకి పంపారు. లోపల మందుగుండు వాసన గానీ మత్తుమందు వాసన గానీ ఏమీ పెట్టలేదు. హ్యాండ్లర్లకు మాత్రం వాసన దాచామని చెప్పి, కొన్ని చోట్ల ఎర్ర కాగితం గుర్తు పెట్టారు. ఏమీ లేని చోట ఏకంగా 225 సార్లు 'ఇక్కడుంది' అన్న సూచన వచ్చింది! గుర్తు ఉన్న చోట మరీ ఎక్కువ. హ్యాండ్లర్ నమ్మకం అతని చూపులోనో నిలబడే తీరులోనో బయటపడి కుక్క దాకా పాకి ఉండాలి, లేదా అతనే లేని సూచనను చూసి ఉండాలి. అందుకే దాచిన చోటు తెలియని మనిషే గొలుసు పట్టుకోవాలి. ఏళ్ల అనుభవమున్న పోలీసుల్నే బోల్తా కొట్టించిన చిక్కు ఇది.

గాలి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. పొద్దున మా ఊళ్లో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది, మధ్యాహ్నం దాటాక వాడరేవు వైపు నుంచి ఎదురు తిరుగుతుంది. పడమటి గోడ దగ్గర ఒకే చోట దాచిన డబ్బా పొద్దున ఒక తీరున, సాయంత్రం ఇంకో తీరున వాసన పంపుతుంది. వరండా అంచున రాజు గాలికి ఎదురుగా తల ఎత్తి, వాసన తగలగానే మెడ చటుక్కున తిప్పి, అటూ ఇటూ వంకరగా నడుస్తూ ఆ వంకరల్ని తగ్గించుకుంటూ పోతుంటే నాకు కనిపించని గాలి దారి కళ్ల ముందు గీసినట్టు ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ తిరిగితే మాత్రం అంతా గందరగోళం. వాసన గది మొత్తం చెదిరి ఏ మూలన చూసినా ఉన్నట్టే ఉంటుంది. ఇక పక్కింటి మగ్గం గుంట! అత్త ఒక రోజు డబ్బాను గుంట పక్కన పలక కింద పెట్టింది. వాసన కిందికి దిగి గుంటలో నిలిచిపోయినట్టుంది. రాజు ముందు గుంటలోకి దిగాడు, అడుగంతా వాసన చూశాడు, గోడ వెంబడి పైకొచ్చాడు, పలక దగ్గర ముక్కు ఆనించి కదలకుండా నిలబడ్డాడు. మగ్గం మీద ఉన్న పక్కింటి మామ నాడె వదిలేసి చప్పట్లు కొట్టాడు.

ఇంత చేశాక వాడి అల్లరి ఏమైందంటారా? చాలావరకు తగ్గింది. పది నిమిషాల వెతుకులాట తర్వాత నీళ్లు తాగి కాళ్లు చాపి పడుకుంటాడు. ఇంతకు ముందు గంట నడిపించినా ఆ అలసట ఉండేది కాదు. చెప్పులు బతికిపోయాయి. పాలబ్బాయి హారన్ వినగానే నేను నాలుగు మెతుకుల్ని గడ్డిలో చల్లుతాను, మొరగాల్సిన నోరు ముక్కు వెంట పోతుంది. దీనికి శాస్త్రం కూడా తోడుంది. షార్లట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2019లో ప్రచురించిన పరిశోధనలో పెంపుడు కుక్కల్లో కొన్నింటికి రెండు వారాలు వాసన వెతకడం, మిగతా వాటికి యజమాని పక్కన క్రమంగా నడవడం నేర్పారు. తర్వాత తిండి ఉందో లేదో తేల్చుకోలేని చోట గిన్నె పెట్టారు. వాసన వెతికిన కుక్కలు మునుపటికన్నా చురుగ్గా దాని వైపు వెళ్లాయి, అంటే మంచే జరుగుతుందని ఆశించాయి. నడక నేర్చిన వాటిలో ఆ మార్పు రాలేదు. రెండింటికీ బహుమతులు ఇచ్చారు. తేడా ఎక్కడంటే, వెతికే కుక్క తన నిర్ణయం తను తీసుకుంటుంది. పొద్దస్తమానం కుక్కకు హుకుంలు ఇవ్వడమే శిక్షణ అనుకునేవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. కరిచే కుక్కకు, తిండి దగ్గరికి వెళ్తే పళ్లు బయటపెట్టే కుక్కకు ముందు పశువైద్యుడు కావాలి. నొప్పి వల్ల కూడా కరుస్తాయి. దీపావళి టపాసుల భయం లవంగంతో పోదు. ఆ రాత్రి తలుపులు మూసి పక్కన కూర్చోవాల్సిందే. రేబిస్ టీకా వేయించకుండా ఏ ఆటా మొదలుపెట్టకండి. డబ్బా మూత గట్టిగా ఉండాలి, నూలు గానీ లవంగాలు గానీ కుక్క మింగకూడదు. ఎర వేసే ముక్కలో ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, అవి దాని రక్తానికి చేటు. కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో రెండు మాటలు. సినిమాల్లో దొంగలు పోలీసు కుక్క మీద కారం చల్లుతుంటారు, చూసి నవ్వుకుంటాం. పర్చూరు, ఇంకొల్లు వైపు ఎండుమిరప కల్లాలు పరిచే రోజుల్లో కుక్కను ఆ పక్కకు తీసుకెళ్లకండి. ఆ ఘాటు దాని ముక్కుకు నిజంగానే బాధ. రెండోది ఎండ. నాలుక చాచి రొప్పే కుక్క వాసన సరిగా పట్టలేదు, గాలంతా నోటి గుండా పోతుంటుంది. మే నెలలో మా ఆట తెల్లవారుజామునే. ఇంకా వెతకాలని ఉబలాటపడుతున్నప్పుడే ఆపేయాలి, విసుగొచ్చేదాకా ఆడిస్తే మర్నాడు రాదు.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ రాత్రే నూలు పోగునో పాత నేత గుడ్డ పీలికనో లవంగాలతో సీసాలో పెట్టండి. అది పక్వానికి వచ్చేలోపు నాలుగు అట్టపెట్టెలు, కోడిముక్కలు సిద్ధం చేసుకోండి. జాతి, వయసు అని వెనకాడొద్దు, ముసలి కుక్కలూ కుంటి కుక్కలూ కూడా ఈ ఆట ఆడతాయి. దాచే పని పిల్లలకో అత్తకో అప్పగించండి, ఎక్కడ పెట్టారో మాత్రం అడక్కండి. ఇంకో మాట, మొదలుపెట్టే ముందు ఫ్యాన్ కట్టేయండి.