ఆకుపచ్చ అబద్ధం

నాన్న బ్యాంకులో పనిచేసే రోజుల్లో కొన్ని రాత్రులు బాగా పొద్దుపోయాక వచ్చేవారు. ‘‘ఏంటండీ ఇంత ఆలస్యం?’’ అని అమ్మ అడిగితే, ‘‘పది పైసలు తేడా వచ్చింది’’ అనేవారు. ఆ పది పైసలేవో జేబులోంచి వేసేసి రావచ్చుగా అని నాకు నవ్వొచ్చేది. తేడా దొరికేదాకా లెడ్జరు మూసేవారు కాదట. అదెందుకో నాకు తెలిసొచ్చేసరికి పాతికేళ్లు పట్టింది.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వాయిదాల చెల్లింపులు లెక్కగట్టే ప్రోగ్రామ్ మాది. పదిమంది రాసిన ముక్కల్ని ఒకచోట చేర్చి వాడకానికి సిద్ధంచేసే పనిముట్టు పేరు మావెన్. యిడ్డిష్ భాషలో ఆ మాటకు ‘బాగా తెలిసినవాడు’ అని అర్థం. ముక్కలు చేర్చేటప్పుడే అది మేం రాసిపెట్టిన పరీక్షలన్నీ నడుపుతుంది. ‘గడువు రోజున కట్టినవారికి జరిమానా పడకూడదు’ లాంటివన్నమాట. ఒక్కటి తప్పినా పని ఆపేస్తుంది.

ఓసారి తెల్లారితే కొత్త వెర్షన్ విడుదల. రాత్రి ఒంటిగంటకు ఓ పరీక్ష తప్పింది. పగలంతా బాగానే ఉంది, అర్ధరాత్రి దాటాక తప్పుతోంది! నా కంప్యూటర్లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ గడియారం యూటీసీలో ఉందని తర్వాత తెలిసింది. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. మనకు అర్ధరాత్రి దాటినా, పొద్దున అయిదున్నర వరకూ దానికి నిన్నటి తేదీయే! పరీక్షలు భారత కాలమానంలో నడవాలని సెట్టింగుల్లో ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

కానీ నాకు నిద్ర ముంచుకొస్తోంది. మావెన్‌లో ఇంకో సెట్టింగు ఉంది. ‘పరీక్షలు తప్పినా పట్టించుకోకు’ అని చెప్పడం. పరీక్షలు అసలు నడపొద్దని చెబితే, దాటేశామని అదే చెబుతుంది. ఇది అలా కాదు. అన్నీ నడుపుతుంది, తప్పినవాటిని ఎక్కడో మధ్యలో రాస్తుంది, ఆఖర్న మాత్రం ‘విజయం’ అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపిస్తుంది. అది పెట్టేశాను. పొద్దున తీసేద్దామనుకుని మర్చిపోయాను.

మూడు వారాలు గడిచాయి. కొత్తగా చేరిన కుర్రాడొకడు గడువు తేదీ లెక్కలో చిన్న మార్పు చేశాడు. ‘గడువు దాటితే’ అని ఉండాల్సినచోట ‘గడువు రోజు నుంచి’ అన్నట్టయింది. పరీక్ష దాన్ని పట్టుకుంది. ఎవరికి తెలుస్తుంది? పైన కనబడేది విజయమేగా! సరిగ్గా గడువు రోజున డబ్బు కట్టినవాళ్లందరికీ జరిమానా పడింది. ఫోన్లే ఫోన్లు.

మర్నాడు మీటింగులో ఆ కుర్రాడు తల దించుకుని, ‘‘నేనే చూసుకోవాల్సింది సార్’’ అన్నాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. నేను నోరు మెదపకపోతే ఆ తప్పు అతని పేరు మీదే ఉండిపోతుంది. గొంతు తడారిపోయింది. ‘‘పరీక్ష పట్టుకుంది. దాని నోరు మూసింది నేను’’ అన్నాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తిట్లు పడ్డాయి, పడాల్సినవే. ఆ మధ్యాహ్నం కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సెట్టింగు తీసేశాను. కాలమానం వాక్యం అతనిచేతే రాయించాను. జరిమానాలన్నీ వెనక్కి ఇచ్చేశారు.

రాత్రి ఇంటికి వెళ్లేసరికి పది దాటింది. నాన్న ఇంకా పడుకోలేదు. ‘‘ఏరా, ఇంత ఆలస్యం?’’

‘‘తేడా వచ్చింది నాన్నా.’’

‘‘దొరికిందా?’’

‘‘దొరికింది. నా దగ్గరే ఉంది.’’

ఆయన నవ్వి, ‘‘అయితే అన్నం తిను’’ అన్నారు.