బస్సెక్కిన ఛోటా భీమ్

రెండేళ్లు దాటి మూడు నిండని పిల్లాడితో బస్సు ప్రయాణమంటే మాటలు కాదు. ఎక్కిన అయిదు నిమిషాలకే నీళ్లంటాడు. నీళ్లిస్తే కిటికీ కావాలంటాడు. కిటికీ దొరికితే దిగిపోదామంటాడు. ఇబ్రహీంపట్నంలో ఉండే ఆ తల్లికి ఇది నెలకోసారి తప్పని పరీక్ష. బాబును నీలోఫర్ ఆస్పత్రిలో చూపించాలి. ఎల్.బి.నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో. భర్తకు సెలవు దొరకదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు తగ్గింది. సీటు దొరకడమే గగనమైంది.

మొదటిసారి శేరిగూడ దాటేలోపే వాడు రాగం అందుకున్నాడు. బస్సంతా ఆమె వైపే చూసింది. పక్క సీట్లో ఉన్న పెద్దమ్మ, "ఫోన్ల బొమ్మలు పెట్టియ్యి బిడ్డా, ఊకుంటడు" అంది. పెట్టింది. నిజంగానే ఊరుకున్నాడు. తుర్కయంజాల్ వచ్చేసరికి మాత్రం ఆమె చీర మీద వాంతి చేసుకున్నాడు.

ఇందులో వింతేమీ లేదు. కళ్లు కదలని తెరను చూస్తుంటాయి. చెవి లోపలి భాగమేమో ఒళ్లు కదులుతోందని మెదడుకు కబురు పెడుతుంటుంది. రెండు కబుర్లకూ పొంతన కుదరదు. కడుపులో తిప్పేది అందుకే. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఈ బాధ ఎక్కువ.

అలాగని బొమ్మల్ని పూర్తిగా మానేయాలా? వైద్యులు కూడా అంత కఠినంగా చెప్పడం లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు రోజుకు గంట మించొద్దని, ఎంత తగ్గితే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. విమాన ప్రయాణం, చికిత్స లాంటి సందర్భాల్లో పిల్లల్ని ఊరడించడానికి ఈ బొమ్మలు పనికొస్తాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఒప్పుకుంది. ఏడుపు మాన్పడానికి అదొక్కటే మందు కాకూడదనీ హెచ్చరించింది.

ఆమె ఈ రెంటికీ మధ్య తన దారి తాను వెతుక్కుంది. సాయంత్రం కాసేపు పిల్లాడి పక్కన కూర్చుని ఛోటా భీమ్ చూస్తుంది. కొట్లాటలు ఎక్కువైతే దాటేస్తుంది. 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ఈ ఢోలక్‌పూర్ బాలుడు పుట్టింది హైదరాబాద్ స్టూడియోలోనే. భీమ్, చుట్కీ, రాజు, జగ్గూ కోతి... అందరూ వాడికిప్పుడు చుట్టాలే. బస్సెక్కాక ఫోను సంచిలోనే ఉంటుంది. చుట్టాలు మాత్రం వెంట వస్తారు. "జగ్గూ ఏ చెట్టెక్కిండో చూడు నాన్నా" అంటే చాలు, కిటికీకి అతుక్కుపోతాడు. ఎదురుగా లారీ వస్తే "దీన్ని భీమ్ ఆపుతడా?" అని అడుగుతుంది. "లడ్డు తింటే ఆపుతడు!" బొంగుళూరు వచ్చేదాకా అదే ఆట. చూపు దూరంగా ఉంటుంది కాబట్టి కడుపులోనూ తిప్పదు.

ఫోను బయటికొచ్చేది ఆస్పత్రి వరసలో కూర్చున్నాకే. ముందురోజే డౌన్‌లోడ్ చేసిన కథలు రెండు. రెండేనని ఇంట్లోనే మాట తీసుకుంటుంది. కథ మధ్యలో ఫోను లాక్కోదు. అయిపోయాక ఆపితే వాడికీ అంత కోపం రాదు. పక్కన కూర్చుని చూసిన బొమ్మలు ఆపేశాక కూడా పనికొస్తాయన్నది ఆమెకు తెలిసొచ్చిన సంగతి.

ప్రతిసారీ ఇది పారుతుందనేమీ లేదు. ఆకలేసినా, నిద్రొచ్చినా ఏ భీమూ ఆదుకోలేడు. అప్పుడు కావలసింది అమ్మ ఒడి, కాస్త ఓపిక. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగి చోటిస్తే అంతకన్నా సాయం లేదు.