రెగే వెనకున్న గిటార్

జమైకా సంగీతమైన రెగే అనగానే అందరికీ బాబ్ మార్లీయే. తప్పేం లేదు. కానీ లిన్ టైట్ పేరు ఎంతమందికి తెలుసు?

ఆయన అసలు జమైకా మనిషే కాదు. ట్రినిడాడ్‌లో స్టీల్ పాన్ వాయించి, తర్వాత గిటార్ పట్టాడు. 1962లో జమైకా స్వాతంత్ర్య వేడుకలకు వాయించడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు.

అప్పుడక్కడ స్కా అనే వేగమైన సంగీతం జోరు. 1966లో హోప్‌టన్ లూయిస్ ‘టేక్ ఇట్ ఈజీ’ రికార్డింగ్‌లో పాట ఆ వేగానికి కుదరడం లేదు. కాస్త నెమ్మదిగా వాయిద్దాం అన్నాడట టైట్. వేగం తగ్గేసరికి వాయిద్యాల మధ్య జాగా దొరికింది. బేస్ గిటార్ ముందుకొచ్చింది, దాని వరుసనే టైట్ గిటార్ కూడా పలికింది. అదే రాక్‌స్టెడీ. రెండేళ్లలో అందులోంచే రెగే పుట్టింది.

అప్పటికి టైట్ కెనడా వెళ్లిపోయాడు. 2010లో మాంట్రియల్‌లో పోయాడు.

రికార్డు లేబుల్ మీద గాయకుడి పేరు, నిర్మాత పేరు ఉండేవి. వాయించినవాళ్లకు మాత్రం చాలాసార్లు ఆ పూట కూలీయే దక్కేది. యూట్యూబ్‌లో ‘టేక్ ఇట్ ఈజీ’ పెట్టుకుని, ఈసారి గొంతు వదిలేసి గిటార్ వినండి.