కాశీ చదువూ సీమ చదువూ

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దవాళ్ళు అనేవారు కదండీ. దారిలో దొంగలు, జ్వరాలు, నెలల తరబడి నడక. వెళ్ళినవాడు తిరిగొస్తే ఇంటిల్లిపాదికీ పండగే. అయినా మన గోదావరి గట్టు మీంచి జనం వెళుతూనే వచ్చారు. పుణ్యానికి వెళ్ళినవాళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవాళ చెప్పాలనిపించింది చదువుకోసం వెళ్ళినవాళ్ళ గురించి. అందులోనూ తర్కం, మీమాంస, వేదాంతం కోసం వెళ్ళినవాళ్ళ గురించి. ఇప్పటి పిల్లలు ఫిలాసఫీ అంటున్నది ఆ వంశంలోదే. కాఫీ తెచ్చుకుని కూర్చోండి, ఇది కాస్త సేపు పట్టే కబురు.

పి.గన్నవరం దగ్గర ముంగండ ఉంది చూడండి, జగన్నాథ పండితరాయల ఊరు. ఆ పేరు వినగానే అందరికీ షాజహాను కొలువు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన తండ్రి పేరుభట్టు మీద మక్కువ. ఆయన కాశీలో ఒక్క గురువుతో సరిపెట్టుకోలేదు. వేదాంతం జ్ఞానేంద్రభిక్షువు దగ్గర, న్యాయవైశేషికాలు మహేంద్రుడి దగ్గర, మీమాంస ఖండదేవుడి దగ్గర, వ్యాకరణం శేషవీరేశ్వరుడి దగ్గర చదివాడు. కొడుకు తన ‘రసగంగాధరం’ మొదట్లోనే ఈ గురువులను భక్తిగా తలుచుకున్నాడు. ఏ శాస్త్రం ఎవరి దగ్గర గట్టిగా ఉందో కనుక్కుని వాళ్ళ గుమ్మానికే వెళ్ళడమన్నమాట. ఇవాళ విదేశాల్లో ఫిలాసఫీ చదవాలనుకునే పిల్లలకు నేను మొదట చెప్పేదీ ఇదే. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయం ఏదని అడగకండి, మీకు కావలసిన ప్రశ్న మీద అక్కడ పనిచేస్తున్న మనిషి ఎవరని అడగండి.

కాశీ వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి ఉంది. ఆ అన్నంభట్టు మన ఆంధ్రుడే, పదిహేడో శతాబ్దం మనిషి. ఆయన రాసిన ‘తర్కసంగ్రహం’ గంటలో చదివేయగలిగినంత చిన్న పుస్తకం. పిల్లలకు తేలిగ్గా బోధపడాలని రాస్తున్నట్టు ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. ఇప్పటికీ దేశంలో ఎక్కడ న్యాయశాస్త్రం, అంటే మన తర్కవిద్య, మొదలుపెట్టినా దానితోనే మొదలు. అంత దూరం వెళ్ళి, అంత చదివి, చివరికి చిన్నపిల్లల కోసం రాయడమంటే నాకు చెప్పలేనంత గౌరవం.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కాశీ దారి అందరిదీ కాదు. ఒక కులంలో పుట్టిన మగపిల్లలకే ఆ శాస్త్రాలు. మన కోనసీమలోనే కాలవకు ఇవతల తర్కపాఠం సాగుతుంటే, అవతల పేటలో పుట్టిన బుద్ధిమంతుడికి అది చెవిన పడే యోగం కూడా లేదు. ఎన్ని తరాల బుర్రలు అలా అణిగిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

2022లో ఆ కోనసీమకే అంబేడ్కర్ పేరు పెట్టారు కదా. ఆ పేరు వెనక ఉన్న ఫిలాసఫీ పాఠం గురించి మన జిల్లాలో ఎంతమంది పిల్లలకు చెబుతున్నామండీ? బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన 1913లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పట్టా కోసం చదివింది ప్రధానంగా ఆర్థికశాస్త్రం. అయినా జాన్ డ్యూయీ క్లాసులకు వెళ్ళి కూర్చున్నారు. సమాజమంటే కలిసి బతకడం, అనుభవాన్ని పంచుకోవడం, పాత అలవాటును పరీక్షకు పెట్టడం అని నేర్పిన తాత్వికుడు డ్యూయీ. 1936లో అచ్చయిన ‘కులనిర్మూలన’లో అంబేడ్కర్ ఆయన్ను తన గురువని పేరుపెట్టి చెప్పారు. 1952 జూన్‌లో గౌరవ డాక్టరేటు అందుకోవడానికి మళ్ళీ కొలంబియాకు వెళ్ళినప్పుడు డ్యూయీని చూడాలని ఎంతో ఆశపడ్డారు. కొద్ది రోజుల ముందే, జూన్ 1న, డ్యూయీ కన్నుమూశారు. నా బుద్ధిజీవితమంతా ఆయన పెట్టిన భిక్షేనన్న అర్థం వచ్చేలా అంబేడ్కర్ భార్యకు ఉత్తరం రాశారు. ఫిలాసఫీ చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్క ఉత్తరం సంగతి చెబుతాను.

ఇక మన రాజమండ్రికి వద్దాం. ఆర్ట్స్ కాలేజీలో ఫిలాసఫీ పాఠం చెప్పినవాళ్ళలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. 1918లో మైసూరు వెళ్ళకముందు కొంతకాలం ఆయన మన ఊళ్ళో మేష్టారు. ఆయన ఫిలాసఫీలోకి వచ్చిన తీరు మన ఇళ్ళలో జరిగేలాంటిదే. డబ్బులేని ఇల్లు. వరసకు అన్నయిన ఒకాయన డిగ్రీ పూర్తిచేసి తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశాడు. పుస్తకాలు ఉచితంగా దొరికాయి కాబట్టి ఆ సబ్జెక్టే తీసుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిషనరీ గురువులు వేదాంతంలో నీతికి చోటు లేదని విమర్శించేవారు. కుర్రాడికి అది గుచ్చుకుంది. కోపగించుకుని ఊరుకోలేదు, మూలగ్రంథాలు తిరగేశాడు. ఇరవయ్యేళ్ళ వయసులో, 1908లో, ఎం.ఏ. కోసం వేదాంతపు నీతి మీదే సిద్ధాంతవ్యాసం రాశాడు. ఆ విమర్శ చేసినవాళ్ళలో ఉన్న గురువు హాగ్ గారే ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నారు.

నన్నడిగితే రాధాకృష్ణన్ గారి అసలు చదువు అక్కడే జరిగింది. మనం నమ్మినదాన్ని మొహం మీదే కాదనే గురువు ఒకడుండాలి. అతనికి జవాబు చెప్పడానికి రాత్రిళ్ళు కూర్చోవాలి. ఆ తర్వాత సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్ళినా, రాజమండ్రిలో ఉన్నా, ఆ అలవాటు మనిషిని వదలదు. ఆయన విదేశీ పట్టా కోసం ఎన్నడూ వెళ్ళలేదు. 1926లో మొదటిసారి సముద్రం దాటింది ఆక్స్‌ఫర్డ్ మాంచెస్టర్ కాలేజీలో ఉపన్యాసాలివ్వడానికి, హార్వర్డ్‌లో ప్రపంచ ఫిలాసఫీ మహాసభలో మాట్లాడడానికి. ఆ ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాలే మరుసటి ఏడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ పుస్తకమయ్యాయి. 1936లో ఆక్స్‌ఫర్డ్ స్పాల్డింగ్ పీఠానికి తొలి ప్రొఫెసరయ్యారు.

దానికి ముందు 1931 నుంచి 36 దాకా ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు. అప్పుడే ఆక్స్‌ఫర్డ్ ఎక్సెటర్ కాలేజీ నుంచి తాజాగా వచ్చిన హుమాయూన్ కబీర్‌ను తెచ్చి ఇక్కడ పాఠం చెప్పించారు. మన పి.టి.రాజు గారు ఆ విశ్వవిద్యాలయంలోనే ఫిలాసఫీ బోధించి, తర్వాత రాజస్థాన్‌కూ, అటునుంచి అమెరికాలో ఒహాయో రాష్ట్రపు వూస్టర్ కాలేజీకీ వెళ్ళారు. రాధాకృష్ణన్‌తో కలిసి ఆయన కూర్చిన ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మ్యాన్’ 1960లో వచ్చింది. తెలుగువాళ్ళలో ఈ పేరు తెలిసినవాళ్ళు ఇంత తక్కువమంది ఉండడం నాకు బాధగా ఉంటుంది.

సరే, విదేశాల్లో ఫిలాసఫీ చదువంటే నిజంగా ఏం జరుగుతుందో చూద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో బి.ఏ.కి ఫిలాసఫీ ఒక్కటే తీసుకోవడానికి లేదు. రాజకీయం, ఆర్థికశాస్త్రాలతోనో, గణితంతోనో, ఫిజిక్స్‌తోనో, ఒక భాషతోనో కలిపి చదవాలి. వారం వారం ఒక వ్యాసం రాసుకుని ట్యూటరు గదికి వెళ్ళాలి. ఒక్కరో ఇద్దరో విద్యార్థులు, ఒక గంట, తప్పించుకునే దారి లేదు. ఆ గంట ఎలా ఉంటుందో అన్నంభట్టు ఉదాహరణతోనే చెబుతాను.

కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది అని రాశారనుకోండి. ఎలా తెలుసు అంటాడు ట్యూటరు. వంటింట్లో పొగ ఉన్నప్పుడల్లా నిప్పు చూశానంటారు మీరు. అయితే నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఉంటుందనేశారో, దొరికిపోయారు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనప గుండు సంగతేమిటి? నిప్పుంది, పొగేది? అప్పుడు ఆలోచిస్తారు. వానాకాలం తడిపుల్లలతో పొయ్యి రాజేసిన ఇల్లాలికి ఈ జవాబు తెలుసు. పొగ రావాలంటే ఒట్టి నిప్పు చాలదు, తడి కట్టె ఉండాలి. బాగుంది, మరి ఇలాంటి షరతు ఇంకోటి మీకు తెలియకుండా దాగి లేదని ఎలా చెప్పగలరు? ఇన్నాళ్ళూ చూసింది రేపూ అలాగే ఉంటుందని ఎవరు పూచీ? ఇక్కడికొచ్చేసరికి పడమటి తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ వస్తాడు, ఆయనకంటే చాలా ముందే ఇదే అడిగిన మన చార్వాకులూ వస్తారు. గంట అయిపోతుంది. మీరు రాసిన మొదటి వాక్యం దగ్గరే ఉంటారు.

మన శాస్త్రసభల్లో ఇదే జరిగేది. పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం, ముందు బలంగా చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతం. ఇప్పుడు మన పిల్లలకు డిగ్రీలో దొరుకుతున్నది గైడు పుస్తకం, ఇంపార్టెంట్ క్వశ్చన్లు. ఎదురు ప్రశ్న వేసే గురువు కోసమైతే సముద్రాలు దాటినా తప్పులేదని నేను గట్టిగా అనుకుంటాను.

చేత్తో పట్టుకెళ్ళడానికి మనదంటూ ఏదైనా ఉంటే మరీ మంచిది. స్పాల్డింగ్ పీఠంలో తర్వాతి రోజుల్లో కూర్చున్న బిమల్ కృష్ణ మతిలాల్‌ను చూడండి. కలకత్తాలో పండితుల దగ్గర నవ్యన్యాయం చదివి, ఆపైన హార్వర్డ్‌లో 1965లో డాక్టరేటు చేశారు. రెండు గురుకులాల ప్రశ్నలూ తెలిసిన మనిషి కాబట్టే ఆయన మాట అక్కడ చెల్లింది. అటునుంచి మన దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో విస్కాన్సిన్ ప్రొఫెసరు డేవిడ్ నైప్ ఏళ్ళ తరబడి మన కోనసీమ అగ్రహారాలకు వచ్చి, వేదపండితుల కుటుంబాలతో మాట్లాడి, 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అచ్చు వేయించారు. అంత దూరం నుంచి ఆయన వచ్చి వింటే, ఇక్కడే ఉన్న మనం వినడానికి ఏం అడ్డం?

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. అమెరికాలో మంచి డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండు ఇస్తాయి, బదులుగా పాఠాలు చెప్పాలి, అయిదారేళ్ళు పడుతుంది. సీట్లు చాలా తక్కువ, పోటీ విపరీతం. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు చాలాచోట్ల నామమాత్రం, కానీ తాత్వికుడు కాంట్‌ను జర్మన్‌లో చదివేంత భాష రావాలి. ఇంగ్లండులో ఏడాది ఎం.ఏ. మాత్రం బాగా ఖరీదు. స్కాలర్‌షిప్పు లేకుండా దానికోసం పొలం తాకట్టు పెట్టొద్దని నేను తల్లిదండ్రులకు ఖరాఖండీగా చెబుతాను. చదివాక ప్రొఫెసరు ఉద్యోగాలు అక్కడా కరువే, అది కూడా పిల్లలకు ముందే తెలియాలి. తెలిసి వెళ్ళేవాళ్ళను ఆపకూడదు.

మా వీధి చివరింటి పిల్ల అలా తెలిసే వెళతానంటోంది. వాళ్ళ నాన్నకు రావులపాలెం దగ్గర అరటితోట. తల్లి మొన్న వచ్చి, “బాబాయిగారూ, మీరైనా చెప్పండి, కంప్యూటర్లు చదివితే వాళ్ళ అత్త కూతురిలా స్థిరపడేది కదా” అంది. “అమ్మాయ్, ముందు దాని వ్యాసం చూద్దాం” అన్నాను. ఈ దరఖాస్తుల్లో మార్కులకంటే బరువు తూగేది పిల్లలు సొంతంగా రాసి పంపే ఆ వ్యాసమే.

పిల్ల వ్యాసం జ్ఞాపకం మీద. తర్కసంగ్రహం ప్రకారం జ్ఞాపకం ప్రమ కాదు. పాత అనుభవం మిగిల్చిన సంస్కారం నుంచే పుడుతుంది కాబట్టి దాన్ని కొత్తగా కలిగిన యథార్థజ్ఞానంలో చేర్చరు. పడమటి తాత్వికుల్లో చాలామంది జ్ఞాపకాన్ని జ్ఞానానికి ఒక ఆధారంగానే లెక్కేస్తారు. లంకగ్రామంలో పెరిగిన వాళ్ళ అమ్మమ్మ 1986 ఆగస్టు వరద గురించి చెబుతుంది, నీళ్ళు ఏ కిటికీ దాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తుంది. గోడ మీద మరక ఎప్పుడో సున్నంలో కలిసిపోయింది. “తాతగారూ, అమ్మమ్మకు అది జ్ఞాపకం, కాబట్టి ప్రమ కాదు. నాకేమో అది నమ్మదగిన మనిషి చెప్పిన మాట, శబ్దప్రమాణం. చెప్పిన ఆవిడ దగ్గర లేని ప్రమ విన్న నా దగ్గరకు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడిగింది.

నేను చెప్పిన రెండు జవాబుల్నీ నిలబడనివ్వలేదు. దరఖాస్తులకు డిసెంబరు గడువు. మీకేమైనా జవాబు తడితే చెప్పండి, పిల్లకు అందజేస్తాను.