వెలకు లొంగని గళము

వస్తువునకు వెల కట్టుట వర్తకుని వృత్తి. మనుష్యునకు వెల కట్టుట ఆచారమను ముసుగు వేసికొన్న అపచారము. హరిశ్చంద్రుడు కాశీనగరపు వీథిలో చంద్రమతిని విక్రయించు ఘట్టమును నాటకశాలలో చూచి తరతరములుగా మనవారు కన్నీరు కార్చిరి. ఆ కన్నీరు తుడుచుకొని యింటికి వచ్చి, కడుపున బుట్టిన యాడుపిల్లకు రొక్కము లెక్కపెట్టి పుచ్చుకొన్న తండ్రులును మనలో నుండిరి. నాటకమునందు దుఃఖమైనది గృహమునందు వ్యవహార మెట్లయ్యెను? ఇటీవల మే మొక డాక్యుమెంటరీ చిత్రమును చూచినప్పుడు ఈ ప్రశ్న మరల మా ముందు నిలిచినది. ఆ చిత్రమును గూర్చి మా పాఠకులతో కొంత ముచ్చటింపవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ చిత్రము పేరు ‘సోనితా’. ఇరాను దేశీయురాలగు రుఖ్సారే గాయెమ్మగామీ దర్శకత్వమున 2015లో వెలువడినది. అందు కల్పితపాత్రలు లేవు. కథానాయిక సోనితా అలీజాదే యను ఆఫ్ఘను బాలిక. ఆమె 1996 ప్రాంతమున హెరాతు పట్టణమున జన్మించెను. అంతకు ముందే, 1995లో, ఆ పట్టణము తాలిబానుల వశమైనది. పదియేండ్ల ప్రాయముననే యింటివారు వెల గైకొని యామెకు పెండ్లి చేయ తలపెట్టిరి. క్రొత్తబట్టలు కట్టి ముస్తాబు చేయుట చూచి ఆ పసిపిల్ల అది యొక యాట యని తలంచినదట! ఆ సంబంధము తప్పిపోయినది. తాలిబానుల భయమున ఆ కుటుంబము సరిహద్దు దాటి ఇరానునకు వలసపోయినది.

టెహరాను నగరమున ఈ కాందిశీకులకు తగిన పత్రములు లేవు; పత్రములు లేనివారి పిల్లలకు బడి లేదు. తండ్రి మరణించెను. తల్లి కొంతకాలమునకు స్వదేశమునకు మరలిపోయెను. సోనితా అక్కతో కలసి యుండి, మరుగుదొడ్లు కడిగి పొట్ట పోసికొనెను. ఇట్టి పిల్లలకై ధర్మసంస్థవా రొకరు నడపు కేంద్రమున అక్షరములు నేర్చెను. అచ్చటనే యామె చెవిని రెండు గొంతులు పడినవి. ఒకటి ఇరాను గాయకుడగు యాస్‌ది. రెండవది అమెరికావాడగు ఎమినెమ్‌ది. ఎమినెమ్ పలుకులలో నొక్కటియు నామెకు తెలియదు. కాని ఆ వేగమునందు, ఆ విరుపునందు, ఒక మనుష్యుడు తన గుండెలోని బరువును దించుకొనుచున్నాడని మాత్రము తెలిసినది. ఆ విధముననే తానును చెప్పగలనని ఆమెకు తోచినది.

‘ర్యాప్’ అన్న మాట మా పాఠకులలో పెద్దలకు క్రొత్తది కావచ్చును. 1973 ప్రాంతమున న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు అను పేదపేటలో, నల్లజాతి యువజనుల వేడుకలలో పుట్టిన హిప్‌హాప్ కళకు ఇది యొక శాఖ. ఇందు రాగవిస్తారము లేదు, తాళమున్నది. లయ తప్పకుండ, ప్రాసలు కలియునట్లు, మాటలను వడివడిగా పలుకుదురు. మన బుర్రకథలో కథకుడు పాట నాపి, తంబురా మీటుచు, అందెలు మ్రోగించుచు వచనమును పరుగెత్తించు పట్టును వినినవారికి ఈ కళ బొత్తిగా పరాయిది గా దోపదు. ఖరీదైన వాద్యము లక్కరలేదు; సంగీతపాఠశాలకు జీతము కట్టనక్కరలేదు. చెప్పవలసిన మాటయు, చెప్పు ధైర్యమును ఉన్నచో చాలును. అందుచేతనే లోకమున నెచ్చట పేదపేట లున్నవో అచ్చట నెల్ల ఈ కళ వేళ్లు పాతుకొన్నది.

కాని ధైర్యమున్నను సోనితాకు దారి లేదు. 1979 విప్లవము తరువాత ఇరానులో స్త్రీ పురుషుల యెదుట ఒంటరిగా పాడుట నిషిద్ధమైనది. అనుమతిపత్రము లేని యాడుపిల్ల గొంతును రికార్డు చేయుటకు స్టూడియోలవారు జంకిరి. దేశము పరాయిది, పౌరసత్వము లేదు, గళమునకు స్వేచ్ఛ లేదు. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు మూడు నిర్బంధము లొక్క పిల్లపై బడినవి. ఆమె యొక పుస్తకములో తన కొక కల్పితజన్మమును వ్రాసికొన్నది. అందు ఆమె తండ్రి మైకేల్ జాక్సన్, తల్లి రిహానా. ఇది చూచి కొందరు నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు. పుట్టుకపత్రమే లేని పిల్ల తనకు తాను వ్రాసి యిచ్చుకొన్న పుట్టుకపత్రమది.

చిత్రమున మమ్ము మిక్కిలి కలచినది వేరొక దృశ్యము. ఆ కేంద్రమున చదువుకొను బాలికలు కొందరు కూడి, ఎవరెవరిని ఎంతెంత వెలకు ఇయ్యనున్నారో చెప్పుకొందురు. గాజుల వెలను, చీరల వెలను చెప్పుకొన్నంత తేలికగా చెప్పుకొందురు. ఏడ్పు లేదు, మొర లేదు. దుఃఖము నిత్యమైనప్పుడు అది లోకజ్ఞానముగ మారును కాబోలు!

కొన్నాళ్లకు హెరాతునుండి తల్లి వచ్చెను. సోనితాకు అప్పుడు పదునారేండ్లు. అన్నకు పెండ్లి చేయవలెను; ఆ పెండ్లికి వధువు వారికి సొమ్ము చెల్లింపవలెను; ఆ సొమ్ము చెల్లెలి నమ్మినగాని రాదు. తొమ్మిదివేల డాలర్లకు బేరము కుదురునని తల్లి లెక్క. ఆమె రాక్షసి కాదు. ఆమెకును చిన్నతనముననే పెండ్లి యయ్యెను. తనకు జరిగినదే తన బిడ్డకును జరుగునని నమ్మిన పేదరాలు. చిత్రమున నామె బిడ్డను ప్రేమించుచునే యుండును, వెల చెప్పుచునే యుండును. ఈ రెండును ఒక గుండెలోనే ఎట్లిమిడినవని యడుగువారు మన వెనుకటి తరముల కథ తెలియనివారు.

మా మేనత్తగారికి ఎనుబది రెండేండ్లు. మాతో గూర్చుండి యామెయు నీ చిత్రమును చూచెను. ఆమె అవ్వను ఎనిమిదవయేట వెల పుచ్చుకొని రెండవ పెండ్లివాని కిచ్చిరట. ఆ రూపాయలు ఇంట రెండు దినములైన నిలువలేదు. అవ్వ యన్నగారికి పెండ్లి చేయుటకై వధువుయొక్క తండ్రికి చేరినవి. ఒక పిల్ల గడప దాటెను, వేరొక పిల్ల గడప యెక్కెను. ఇరువురును ఒక సంచిలోని రూపాయలకే. ఆ వదినామరదండ్రు ముసలితనమున కలిసికొన్నప్పుడెల్ల, “నన్నమ్మి నిన్ను కొన్నారే” యని యొకరు, “నిన్నమ్మకపోతే నన్నింకెవరికో అమ్మేవాళ్లు” అని యింకొకరు నవ్వుకొనెడివారట. ఆ నవ్వును మేము వినలేదు, వినకపోవుటయే మేలు.

ఇది మా యొక్క కుటుంబపు కథ కాదు. ‘కన్యాశుల్కము’ నాటకమునకు 1897లో వ్రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ అప్పారావుగారు ఒక లెక్కను ప్రకటించిరి. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక తయారు చేయించిరి. తేలిన వివాహములు 1034. అందు అయిదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు. హెరాతు తల్లిని నిందింపబోవు ముందు ఈ పట్టిక నొకమారు చదువవలెను.

ఇక చిత్రకథకు వత్తము. తల్లి వచ్చినది గడువు చెప్పుటకు. సోనితా దర్శకురాలివంక తిరిగి, నీవు నన్ను కొందువా యని యడిగెను. ఇచ్చట చిత్రబృందములోనే వాదము పుట్టినది. జరుగుచున్నదానిని జరిగినట్లు చూపుటయే మన పని, కలుగజేసికొనినచో సత్యము చెడునని యొక పక్షము. కండ్లయెదుట పిల్ల నమ్ముచుండగా యంత్రము త్రిప్పుచు నిలుచుట యెట్లని యింకొక పక్షము. తుదకు రుఖ్సారే తల్లికి రెండువేల డాలర్లిచ్చి ఆరునెలల గడువు కొనెను. ఈ సంగతిని దాచక చిత్రములోనే చూపెను.

ఆమె చేసినది తగునా? సొమ్మిచ్చి గడువు కొనుట యా సంతలో తానును బేరగాని నగుట కాదా యని విమర్శకులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. అయినను మా యభిప్రాయము చెప్పుచున్నాము. మన దేశమున వితంతువుల దుఃఖమును వర్ణించి వ్రాసినవారు పెక్కురు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతువివాహము చేయించి, వెలికిని, దూషణలకును ఓర్చి నిలిచినవారు వీరేశలింగముగారు. చూచినవాడు సాక్షి; చేయి చాచినవాడు బంధువు. మునుగుచున్న పిల్లకు సాక్షులకంటె బంధువు లవసరము.

ఆ యారునెలలను సోనితా వ్యర్థము చేయలేదు. ఆ గడువులోనే ఆడుపిల్లల విక్రయమును గూర్చి పాట గట్టి, 2014లో దృశ్యరూపమున వెలువరించెను. అందు ఆమె పెండ్లిదుస్తులలో నిలుచును. ముఖమున దెబ్బల కమిలిక రంగులతో దిద్దబడినది. నుదుట, అంగడి సరకులపై నుండు వెలచారల ముద్ర. పాట తగ్గుస్వరమున మొదలై క్రమముగ నిప్పువలె రాజుకొనును. లోకమున లక్షలమంది దానిని చూచిరి. అమెరికాలోని స్ట్రాంగ్‌హార్ట్ సంస్థవారు పూనుకొనగా యూటా రాష్ట్రమందలి వాసాచ్ అకాడమీలో ఉచితవిద్య దొరకెను. 2015లో నామె అమెరికా చేరెను. పిమ్మట బార్డ్ కళాశాలలో చదివెను. 2016 జనవరిలో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము విదేశ డాక్యుమెంటరీల విభాగమున న్యాయనిర్ణేతల మహాబహుమతిని, ప్రేక్షకుల బహుమతిని రెంటిని గైకొనెను.

ఈ కీర్తికంటె మాకు గొప్పగ దోచిన సంగతి యొకటి కలదు. 2014లో ఆఫ్ఘను ప్రజలను వోటు వేయుటకు ప్రోత్సహించు పాటలకు పోటీ జరుగగా, సోనితా వేయి డాలర్ల బహుమతి గెలిచెను. ఆ సొమ్మును తల్లికి పంపెను. తనకు తొమ్మిదివేలు వెల కట్టిన తల్లికి, తన గొంతుతో ఆర్జించిన వేయి డాలర్లు! అమ్మినచో నొక్కసారి వచ్చు సొమ్ము, చదివించినచో జీవితాంతము వచ్చునని ఏ యుపన్యాసమును ఆ తల్లికి ఇంత స్పష్టముగ చెప్పజాలదు. తరువాతి కాలమున ఆమె కూతురి పాటను మెచ్చుకొనెనని విని మాకు ఆశ్చర్యము కలుగలేదు.

చిత్రము ముగిసిన పిమ్మట మేమందరమును సంతోషించుచుండగా, మా మేనత్తగారు మాత్రము చాలసేపు మాటాడలేదు. తుదకు, “అంతా బాగానే ఉందిరా. ఆ అన్నగారికి తెచ్చుకోబోయే పిల్ల సంగతేమిటి? దాని పాట ఎవరు విన్నారు?” అని యడిగెను.

మేము ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి. నిజమే. ఆ వధువు ముఖము ఏ చిత్రమునను లేదు. ప్రతిభగల యొక పిల్ల బయటపడినది. ఆమె విడిచిన చోటు ఖాళీగ నుండలేదు. పాడలేని పిల్ల, పలుకలేని పిల్ల, కెమెరా దొరకని పిల్ల బ్రదుకవలదా? ఆఫ్ఘను సివిలు చట్టము ఆడుపిల్ల వివాహమునకు పదునారేండ్లు నిర్ణయించినది. ఆచారము దానిని లెక్కచేయలేదు. 2021 ఆగస్టున తాలిబానులు మరల రాజ్యమునకు వచ్చి బాలికలకు ఉన్నతపాఠశాలల తలుపులు మూసిరి. ప్రతిభ యొక్కరిని దాటించు తెప్ప. వంతెనను మాత్రము చట్టమును, బడియు, ఇంటివారి మనస్సును కలసి కట్టవలసియున్నది.

మన సంగతి యేమి? 1929లో శారదాచట్టము వచ్చెను; దాని స్థానమున వచ్చిన 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము మనకు గలదు. కన్యాశుల్కము చాలవరకు పోయినది. దాని స్థానమున వరశుల్కము వచ్చి కూర్చున్నది. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ 1939లో చలనచిత్రముగ గూడ వచ్చెను, 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చెను, కట్నము పోలేదు. తక్కెడలో తట్ట మారినది గాని తక్కెడ యింటనుండి వెడలలేదు. చెల్లెలి కట్నమునకై అన్నగారి కట్నము పుచ్చుకొను గృహములు నేటికిని లేవా? అది మా మేనత్తగారి అవ్వ చేతులు మారిన రూపాయల సంచియే.

కావున మా పాఠకులకు మేము చేయు మనవి యిది. కొమరునకు సంబంధము చూచునప్పుడు, ఇచ్చెడి సొమ్ము ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎవరి చదువు ఆగి వచ్చుచున్నదో విచారింపుడు. ఆ పిల్లకొక చెల్లెలున్నదా, ఆ చెల్లెలు బడికి పోవుచున్నదా యని యడుగుడు. ఆ ప్రశ్న పెండ్లిమాటలలో నొక్కసారియైన వినబడినచో, బేరము మాటాడుటకు వచ్చినవారు కొంచెము తడబడుదురు. ఆ తడబాటే మనకు కావలసిన గడువు.